పొద్దున మొదటి సిగరెట్

సిగరెట్ మానేసి పదకొండు నెలలైంది. అంతకుముందు నాలుగుసార్లు మానాను, నాలుగుసార్లూ మూడో రోజుకల్లా మళ్ళీ పాన్ డబ్బా దగ్గరే తేలాను. మనసు గట్టిది కాదనుకుని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఈసారి డాక్టర్ గారు రోజుకి ఎన్ని అని కాకుండా, "లేచాక ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారు?" అని అడిగారు. పది నిమిషాలు, పళ్ళు కూడా తోముకోకుండా బాల్కనీలోనే. అరగంట లోపే కావాలనిపిస్తోందంటే ఒళ్ళు నికోటిన్‌కి బాగా బానిసైనట్టేనట. రక్తంలో అది దాదాపు రెండు గంటలకి సగమైపోతుంది, రాత్రంతా అందక తెల్లారేసరికి మెదడు పీకుతుంది, దమ్ము లాగిన కొన్ని సెకన్లలోనే అందుతుంది కాబట్టి ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. ఆఫీసు టెన్షన్‌కి కాలుస్తున్నానని ఇన్నేళ్ళూ నమ్మాను కదా, అందులో చాలావరకు ముందు కాల్చిన సిగరెట్ దిగిపోతుంటే పుట్టిన చిరాకే! ఇది తెలిశాక నన్ను నేను తిట్టుకోవడం మానేశాను.

సిగరెట్ బదులు నమలడానికి 4 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ రాశారు. మొదటిరోజు మామూలు చూయింగ్ గమ్‌లా నమిలేస్తే ఎక్కిళ్ళు, కడుపులో మంట. మందుల షాపులో అడిగితే చెప్పారు: మెల్లగా నాలుగైదుసార్లు నమిలి, ఘాటు తగలగానే చెంపకీ చిగురుకీ మధ్య పెట్టి ఆగాలి, ఘాటు తగ్గాక మళ్ళీ నమలాలి. టీ తాగిన పావుగంట దాకా వేసుకోకూడదు, పని చేయదు.

మూడో రోజు మా పాప పెన్సిల్ చెక్కుతూ పొట్టు కింద పోసిందని గట్టిగా అరిచాను. ఏడవలేదు, ఒక్కో ముక్కా ఏరి అరచేతిలో పెట్టుకుంది. అప్పుడే గది తలుపేసుకుని, సిగరెట్ ప్యాకెట్ మీద ఉండే, మానడానికి సాయం చేసే నంబర్ 1800 11 2356కి ఫోన్ చేశాను. మొదటి మూడు రోజులే బాగా కష్టం, కోరిక పుట్టినా కొన్ని నిమిషాల్లో తగ్గిపోతుంది, అప్పటిదాకా నీళ్ళు తాగండి, నడవండి అన్నారు. సెల్లార్‌కి దిగి రెండు చుట్లు తిరిగొచ్చి పాపకి సారీ చెప్పాను.

అన్నిటికన్నా కష్టమైంది ఇరానీ చాయ్. సికింద్రాబాద్‌లో నేనెప్పుడూ హోటల్ బయట నిలబడే తాగేవాణ్ణి, ఒక చేతిలో కప్పు, ఇంకో చేతిలో సిగరెట్. రెండు నెలలు ఆ వైపే పోలేదు. ఇప్పుడు లోపల కూర్చుంటున్నా, ఒక చేతిలో ఉస్మానియా బిస్కెట్ పట్టుకుని.