25 మీటర్ల అవతలి నంబరు ప్లేటు

జయపురం (ఒడిశా), బుధవారం రాత్రి

కుడి కంటికి శుక్లం ఆపరేషన్ జరిగి నేటికి 44 రోజులైంది. చుక్కల మందు నిన్నటితో అయిపోయింది. నా లారీ లైసెన్సు గడువు ఇంకా 19 రోజులుంది. ఈ మూడు లెక్కలనూ మా ఆవిడ గోడ మీది క్యాలెండరులో పెన్నుతో గుర్తుపెట్టి ఉంచింది. ఉదయం దాని ముందు కాసేపు నిలబడి, డాక్టరు నింపాల్సిన ఫారం 1-ఎ కాగితం, రెండు ఫొటోలు, ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితం, కంటి లోపల అమర్చిన లెన్సు పవరు రాసిన చిన్న కార్డు అన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో సర్దుకుని ఆసుపత్రికి బయలుదేరాను.

లారీ నడిపేవాడు అయిదేళ్ళకొకసారి లైసెన్సును రెన్యువల్ చేయించుకోవాలి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించక ముందు అది మూడేళ్ళకే ఉండేది. గడువు దాటాక కూడా 30 రోజులు చెల్లుబాటయ్యే వెసులుబాటు ఒకటి అంతకు ముందు ఉండేది, ఆ సవరణతో అదీ పోయింది. సొంత కారు నడుపుకునేవారిని నలభై ఏళ్ళు దాటాకే డాక్టరు సర్టిఫికెట్ అడుగుతారు గానీ, సరుకు బండి నడిపేవాడికి ఏ వయసులోనైనా అది తప్పదు. ఫారం 1లో మన ఆరోగ్యం గురించి మనమే రాసి సంతకం చేస్తాము. ఫారం 1-ఎలో డాక్టరు మనల్ని స్వయంగా పరీక్షించి రాయాలి.

స్వయంగా అన్న ఆ మాట దగ్గరే నా మనసు ఈ రోజంతా ఆగిపోయింది. కిందటిసారి రెన్యువల్‌కు వెళ్ళినప్పుడు, ఆఫీసు బయట ఒక దుకాణంలో డబ్బులిచ్చి ఈ కాగితాన్ని తెచ్చుకున్నాను. దాని మీద సంతకం, ముద్ర అంతకు ముందే పడి ఉన్నాయి. కుర్చీలో కూర్చున్న కుర్రవాడు నన్ను అడిగినవి పేరు, వయసు, ఒంటి మీద రెండు గుర్తింపు మచ్చలు మాత్రమే. ఆ డాక్టరు ముఖం నేను చూడలేదు, నా ముఖం ఆయన చూడలేదు. అప్పట్లో నా కళ్ళు బాగానే ఉన్నాయి కాబట్టి అది తప్పని కూడా నాకు తోచలేదు. ఆ తర్వాత మూడో ఏట కుడి కంటిలో పొర మొదలైంది, అయినా లైసెన్సు జేబులో ఉంది కదా అని రెండేళ్ళు అలాగే బండి నడిపాను.

నవరంగపూర్‌లో మొక్కజొన్న ఎత్తుకుని, కొరాపుట్ మీదుగా సుంకి ఘాటు దిగి, సాలూరు దాటి విశాఖపట్నం చేరడం నాకు పాతికేళ్ళుగా అలవాటైన దారి. దానికి ఇప్పుడు 26వ నంబరు జాతీయ రహదారి అని పేరు పెట్టినా, మా పాత డ్రైవర్లందరం నలభై మూడు అనే అంటాము. కిందటి చలికాలంలో ఒక రాత్రి ఆ ఘాటు దిగుతున్నాను. మలుపులో ఎదురుగా వచ్చిన లారీ దీపాలు కుడి కంటిలో పడగానే, వెలుగు ఒక్కచోట నిలవక ముళ్ళపొదలా నలువైపులా విచ్చుకుంది. రోడ్డు అంచు, లోయ వైపు తెల్ల గీత, ముందు వెళ్తున్న బండి అన్నీ ఆ వెలుగులో కలిసిపోయాయి. "మావా, బండి! బండి!" అని మా క్లీనరు అరిచిన అరుపుకే బ్రేకు తొక్కాను గానీ, నా కంటికి కనిపించి తొక్కలేదు. వెనక దీపం లేని మోటారు సైకిలు ఒకటి, దాని మీద భార్యాభర్తలు, మధ్యలో పసిబిడ్డ. బండి వాళ్ళకు ఒక బారెడు దూరంలో ఆగింది. ఆ బిడ్డ తలకు చుట్టిన ఎర్ర మఫ్లరు నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఇక్కడివాళ్ళు మోతియాబిందు అంటారే, అదేనని ఆయన చెప్పారు. ఆపరేషన్‌కు కావలసిన డబ్బులూ సెలవూ కుదిరేసరికి మరికొన్ని నెలలు పట్టాయి గానీ, ఆ రోజు నుంచి ఘాటులో రాత్రి బండి పట్టలేదు.

ఆపరేషన్ పావుగంటలో అయిపోయింది, కుట్లు కూడా లేవు. కష్టమంతా ఆ తర్వాతి రోజులదే. బరువు ఎత్తకూడదు, తల వంచకూడదు, కంటిలో నీళ్ళు పడకూడదు అన్నారు. టార్పాలిన్ మీద తాడు బిగించడం, జాకీ పెట్టి టైరు విప్పడం మానేసిన లారీ డ్రైవరు ఇంట్లో కూర్చోవలసిందే. కట్టు విప్పిన రోజు ఒక విషయం మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. మా ఇంటి తలుపులు నీలం రంగువని నాకు తెలుసు. కానీ ఎడమ కంటితో చూస్తే అవి పాత ఫొటోలో ఉన్నట్టు పసుపు పట్టి కనిపించాయి, కుడి కంటితో చూస్తే ఆ రోజే రంగు వేసినట్టున్నాయి. పొర అంత నెమ్మదిగా కమ్ముకోవడం వల్ల, నేను రంగులు పోగొట్టుకుంటున్న సంగతి నాకే తెలియలేదు.

ఈ రోజు పరీక్ష చేసిన డాక్టరు గారు కాగితాన్ని చేతిలోకి తీసుకుని, పైనుంచి కింది దాకా చదివాకే పెన్ను తీశారు. రంగు చుక్కల మధ్య అంకెలు దాగి ఉన్న పుస్తకం చూపించారు. ఎరుపు, ఆకుపచ్చ తేడా చెప్పగలిగాను. చెవులు, చేతులు, కాళ్ళు, కీళ్ళు త్వరగానే ముగిశాయి. అక్షరాల బోర్డు దగ్గర కుడి కన్ను 6/6, అంటే మామూలు చూపు, వచ్చింది. కింది అంకె పెరిగే కొద్దీ చూపు తగ్గినట్టు. ఎడమ కన్ను అద్దాలు లేకుండా 6/18, కొత్త అద్దాలతో 6/9.

ఆ తర్వాత నన్ను ఆవరణలోకి తీసుకెళ్ళారు. ఫారంలో పగటి వెలుగులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలగాలని ఉంది. గోడ దగ్గర ఆగి ఉన్న జీపు నుంచి కాంపౌండరు టేపు పెట్టి కొలిచి, మట్టిలో చెప్పుతో గీత గీశాడు. ఎడమ కన్ను మూసుకుని కుడి కంటితో చదివాను. ఒక్క అంకె తప్పలేదు. ఇక కుడి కన్ను మూసి చదవమన్నారు. నోరు తెరవబోయి ఆగిపోయాను. ఆ నంబరు అప్పటికే నా నోటికి వచ్చేసింది కదా, దాన్ని ఎడమ కన్ను చదువుతున్నదో, జ్ఞాపకం చదువుతున్నదో ఎవరు చెప్పగలరు? "సార్, వేరే బండి చూపించండి" అన్నాను. ఆయన నా వైపు ఒక క్షణం చూసి, గేటు దగ్గరున్న ఆటోను తెప్పించి జీపు స్థానంలో నిలబెట్టించారు. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు. అద్దాలు లేకుండా చివరి అంకెను 3 అన్నాను. అద్దాలు పెట్టుకుంటే అది 8. అంకె మారిపోయిన ఆ క్షణంలో నాకు నిజంగా వణుకు పుట్టింది.

ఫారం చివర "ఫిట్, నాట్ ఫిట్" అని రెండూ అచ్చు వేసి ఉంటాయి, ఒకటి కొట్టివేయాలి. డాక్టరు గారు అద్దాలు తప్పనిసరి అని రాసి, "నాట్ ఫిట్" మీద గీత పెట్టి, సంతకం సగం ఫొటో మీద సగం కాగితం మీద పడేలా చేశారు. "దీనితో వచ్చే లైసెన్సు అయిదేళ్ళు చెల్లుతుంది గానీ, మీ ఎడమ కన్ను అయిదేళ్ళు ఆగదు. ఆరు నెలలకొకసారి రండి, ఈలోగా రాత్రి బండి తగ్గించుకోండి" అన్నారు.

దారిలో ఆ రెండు ఫారాల్లోని ప్రశ్నలన్నిటినీ మళ్ళీ తలచుకున్నాను. రేచీకటి ఉందా అని అడుగుతారు. ఫారం 1లో మూర్ఛ, కళ్ళు తిరగడం గురించి అడుగుతారు. కానీ ఎదురు దీపాలు కంటిలో పడితే ఏమవుతుందని ఒక్క ప్రశ్నా లేదు. సుంకి ఘాటులో నన్ను ఓడించింది చీకటి కాదు, వెలుగే. ఇలాంటి కంటితో పగలు నంబరు ప్లేటు చదివి నెగ్గినవాడు రాత్రి ఘాటులో ఓడిపోవచ్చు. యాభై దాటిన డ్రైవర్లకు ఏడాదికొకసారి కంటి పరీక్ష, అందులో ఈ దీపాల పరీక్ష కూడా ఉండాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. మాలో చాలామంది కంటి సంగతి దాచుకునేది లైసెన్సు పోతుందన్న భయంతోనే. ఆపరేషన్ చేయించుకుంటే లైసెన్సు నిలుస్తుందని వాళ్ళకు ఎవరూ చెప్పడం లేదు.

సాయంత్రం మా పెద్దవాడు కాగితాలన్నీ లైసెన్సుల పనికి ఉన్న సారథి వెబ్‌సైటులో ఎక్కించాడు. తర్వాత సాలూరులోని మా ఓనరు గారికి ఫోన్ చేసి, ఎడమ కంటికి కూడా ఆపరేషన్ అయ్యేదాకా ఘాటులో రాత్రి బండి నడపలేనని చెప్పాను. "ఫిట్ అని రాసిచ్చారంటున్నావు, మళ్ళీ ఇదేంటి?" అన్నారు. ఆ మలుపు గురించి, ఆ బిడ్డ గురించి ఆయనకు మొదటిసారి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"శనివారం నవరంగపూర్‌లో లోడు ఉంది. తెల్లవారి నాలుగింటికి కదులుతావా?" అన్నారు.

"నాలుగింటికి చీకటేనండీ. జయపురం దాటగానే కొరాపుట్ ఘాటు ఎక్కాలి. ఆరున్నరకు కదులుతాను" అన్నాను.

"ఆరుకి" అన్నారు.

ఆరుకి నవరంగపూర్‌లో కదిలితే జయపురం చేరేసరికి ఎండ వచ్చేస్తుంది, సుంకి చేరేసరికి బాగా పొద్దెక్కుతుంది. సరేనన్నాను.