లోలా దగ్గర నార ముళ్లు

మాది పుట్టపాక. ఇంట్లో రెండు మగ్గాలున్నా నాకు చిటికి కట్టడం, అంటే నేతకి ముందే నూలుకి కట్లు కట్టి రంగు వేయడం, రాదు. "దీని మీద కూర్చుంటే నీ చదువు పోతుంది" అని అమ్మ నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు. మెడిసిన్ చదవడానికి ఫిలిప్పీన్స్‌లోని దావోకి వచ్చాక, ఒకరోజు బ్లాన్ తెగవాళ్ల తబీ బట్ట కంటపడింది. ఎరుపు, నలుపు, మధ్యలో తెల్లటి గీతలు. అచ్చం మా ఊళ్లో నేసే తేలియా రుమాలు రంగులు! వాళ్లూ పడుగుకి ముందే కట్లు కట్టి రంగు వేస్తారని తెలిశాక ఆగలేకపోయాను.

సెలవుల్లో బస్సెక్కి జనరల్ శాంటోస్, అక్కడినుంచి పోలోమోలోక్ దాటి లాండాన్ చేరాను. మాటుటుం కొండ దగ్గరి ఊరు. తబీ నేతలో పేరుమోసిన ఫు యాబింగ్ మసలోన్ దులో అక్కడే నేశారు. 'ఫు' అంటే పెద్దవాళ్లని గౌరవంగా పిలిచే మాట. 2016లో ఆ దేశం ఆవిడకి సంప్రదాయ కళాకారులకిచ్చే జాతీయ గౌరవం 'గావాద్ సా మన్లిలిఖా నంగ్ బాయన్' ఇచ్చింది. 2021 జనవరిలో, 106 ఏళ్ల వయసులో పోయారు. ఆవిడ తర్వాతి తరం ఇప్పుడు పిల్లలకి నేర్పుతోంది.

నాకు నేర్పిన ముసలమ్మని లోలా (అమ్మమ్మ) అని పిలిచాను. ఆవిడది బ్లాన్ భాష. పేషెంట్ల కోసం నేను నేర్చుకున్న బిసాయాలోకి పదకొండేళ్ల మనవరాలు మార్చి చెప్పేది.

మగ్గం ముట్టుకోనివ్వలేదు. ముందు ముడి. తబీ నేసేది అబకా నారతో. అబకా అంటే అరటి జాతి చెట్టే. దాని నార పోగులు పడుగుకి సరిపోయేంత పొడవుండవు, కాబట్టి ఒకదాని చివర ఇంకోటి కలిపి ముడేస్తూ పోవాలి. ముడి గట్టిగా ఉండాలి, వేలికి తగలకూడదు, మిగిలిన కొసలు కత్తిరించాలి. మొదటిరోజు మూడు గంటల్లో నలభై వేశాను. లోలా పోగు రెండు వైపులా పట్టుకుని ఒక్కసారి లాగింది. సగం జారిపోయాయి. ఒక్క మాట అనలేదు. నా చూపుడువేలు పట్టుకుని, పోగుని ఎటు తిప్పాలో ఆ వేలితోనే తిప్పింది. మా ఊళ్లో కూడా అమ్మ ఇలాగే నేర్పి ఉండేదేమో అనిపించి కళ్లు చెమర్చాయి.

మూడోరోజు జారడం తగ్గింది. అప్పుడు కట్టడం చూపించింది. మేము డిజైన్ గ్రాఫ్ కాగితం మీద వేసుకుంటాం, లోలా ముందు ఏ కాగితమూ లేదు. పోగులు లెక్కపెట్టుకుంటూ, మైనం పూసిన దారంతో బిగించుకుంటూ పోయింది. ఎన్ని పోగులకి ఒక కట్టో మనవరాలు పక్కనుంచి ముందే చెప్పేస్తోంది.

ఆ సాయంత్రం అమ్మకి వీడియో కాల్ చేశాను. కెమెరా నా మొహం మీంచి తీసి చట్రం మీద పెట్టమంది. చాలాసేపు చూసింది. మీరు దేంతో కడతారని లోలా అడిగింది. సైకిల్ ట్యూబు సన్నగా కోసి కడతామని అమ్మ చెప్పింది. బిసాయాలో ట్యూబుని ఏమంటారో నాకు తెలియదు, చేత్తో చక్రం తిప్పి చూపించాను. తెచ్చి చూపించమంది లోలా.

వచ్చే శనివారం దావో బజార్లో పాత ట్యూబు వెతకాలి.