రెండు రిపోర్టులు, ఒక మైనం బ్లాకు

నాకు వచ్చింది క్యాన్సరా కాదా అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పడం కష్టం, నా రొమ్ము బయాప్సీ ముక్కల్ని మైక్రోస్కోపులో చూసిన ఇద్దరు పాథాలజిస్టులే ఒక్క మాట మీద లేరు మరి. ఒకరు ఏడీహెచ్ (అటిపికల్ డక్టల్ హైపర్‌ప్లేసియా) అన్నారు, ఇంకొకరు డీసీఐఎస్ (డక్టల్ కార్సినోమా ఇన్ సిటు) అన్నారు. రెండూ పాలు వచ్చే నాళాల లోపల మొదలయ్యేవే, రెండింటిలోనూ కణాలు తేడాగా పెరుగుతాయి కానీ నాళం గోడ దాటి బయటికి రావు. ఏడీహెచ్ ఉంటే ముందుముందు రొమ్ము క్యాన్సర్ వచ్చే రిస్కు మిగతావాళ్ళ కంటే దాదాపు 4 రెట్లు అంటారు, దాన్ని మాత్రం క్యాన్సర్ అనరు. డీసీఐఎస్ అయితే స్టేజ్ 0 కింద రాస్తారు. లో గ్రేడ్ దాంట్లో, అంటే మెల్లగా పెరిగే రకంలో, ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడ గీస్తారంటే, ఆ కణాలు 2 మిల్లీమీటర్లు దాటి ఉన్నాయా, లేదా రెండు నాళాలు పూర్తిగా నిండాయా అని చూసి. అంతే! ఆ కాస్త దూరం మీద మన పేరు పక్కన ఏం రాయాలో తేలిపోతుంది.

నాకు చేతికి గడ్డ ఏమీ తగల్లేదు, నొప్పి లేదు. కూకట్‌పల్లిలో ఉంటాం, ఆఫీసు వాళ్ళు ఏటా చేయించే హెల్త్ చెకప్ ప్యాకేజీలో 45 దాటిన ఆడవాళ్ళకి మామోగ్రామ్ కూడా ఉంటే ఎలాగూ ఫ్రీయే కదా అని చేయించుకున్నా. ఎడమ వైపు సున్నం చుక్కల్లాంటివి ఒకే చోట గుంపుగా ఉన్నాయి, బైరాడ్స్ 4 అని వచ్చింది, అంటే అనుమానంగా ఉంది, బయాప్సీ చేసి చూడాలి అని. బయాప్సీకి కుర్చీలో కూర్చోబెట్టి రొమ్ముని మిషన్ పలకల మధ్య నొక్కి పట్టి, కదలొద్దమ్మా అని చెప్పి, వాక్యూమ్ సూదితో ముక్కలు తీశారు. మత్తు ఇచ్చారు కాబట్టి నొప్పి పెద్దగా లేదు గానీ ఆ మిషన్ గర్ర్‌ర్ మనే సౌండ్, మెడ పక్కకి తిప్పి అలా బిగుసుకుని ఉండటం, అది మాత్రం నరకం. తీసిన చోట గుర్తుగా చిన్న క్లిప్ పెట్టారు. తర్వాత కొన్నాళ్ళు అక్కడంతా నల్లగా కమిలిపోయి, ఐస్ ప్యాక్ పెట్టుకుంటూ వదులు చుడీదార్లతోనే ఆఫీసుకి పోయా.

మొదటి రిపోర్టులో ఏడీహెచ్ అనీ, డీసీఐఎస్‌కి దగ్గరగా ఉందనీ రాశారు. సర్జన్ అయితే ఏదైనా సరే ఆ చోటు మొత్తం తీసి చూడాల్సిందే అన్నాడు, ఎందుకంటే సూదికి దొరికింది కొంతే, పక్కన ఇంకేముందో తెలీదు. మా ఆయనకి ఆ "దగ్గరగా" అన్న మాట మింగుడు పడలేదు, ఇంకొకళ్ళకి చూపిద్దాం అన్నాడు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి, సెకండ్ ఒపీనియన్ అంటే రిపోర్టు జిరాక్సు పట్టుకుపోవడం కాదు, స్లైడ్లూ బ్లాకులూ తీసుకెళ్ళాలి. మన ముక్కని పారఫిన్ మైనంలో పోసి చిన్న ప్లాస్టిక్ డబ్బీ మీద అతికించి ఉంచుతారు, దాన్నే బ్లాకు అంటారు. అది అడిగితే ఆ ల్యాబు వాళ్ళు సార్ లేరు, రేపు రండి, అప్లికేషన్ రాయండి, డిపాజిట్ కట్టండి అని తెగ తిప్పారు. చివరికి చేతికొచ్చాక చూస్తే తెల్లటి మైనంలో పసుపూ గోధుమా కలిసిన రంగులో సన్నటి పోగులు, అంచు మీద పెన్సిల్‌తో నా నంబర్. అది హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని కేపీహెచ్‌బీలో మెట్రో ఎక్కబోతే స్కానర్ బెల్టు దగ్గర ఒక్క క్షణం ఆగిపోయా, ఎక్స్‌రే పడితే పాడవుతుందేమో అని. ఏం కాదట, తర్వాత అడిగితే మేడమ్ నవ్వింది.

ఆ మేడమ్ రెండో పాథాలజిస్టు, పంజాగుట్ట వైపు ఉంటుంది. ఓపికున్న మనిషి, రెండు జతల కళ్ళద్దాలు ఉండే మైక్రోస్కోపు దగ్గర నన్ను ఎదురుగా కూర్చోబెట్టి చూపించింది. బ్లాకు నుంచి ఉల్లిపొర కన్నా పల్చటి ముక్కలు కోయించి, ఒక్కోదానికి ఒక్కో యాంటీబాడీ వేయించింది, మనం వెతికే ప్రొటీన్ ఎక్కడుంటే అక్కడ బ్రౌన్ రంగు తేలుతుంది. మొదట పీ63 అనే ప్రొటీన్. నాళం చుట్టూ బయటి వరస కణాల్లో బ్రౌన్ చుక్కలు, ఎక్కడా తెగిపోలేదు, అంటే లోపలిది బయటికి రాలేదు. ఇదిగో చూడమ్మా ఇది ముఖ్యం అంది. తర్వాత సీకే5/6 అనే ఇంకో ప్రొటీన్, మామూలుగా పెరిగిన కణాలైతే అక్కడక్కడా బ్రౌన్ కలగలిసి కనిపించాలట, నా దాంట్లో మధ్యలో అసలు రంగే లేదు. అంటే మామూలు పెరుగుదల కాదు. ఈఆర్, అంటే ఈస్ట్రోజెన్ హార్మోన్‌ని పట్టుకునే రిసెప్టర్, మాత్రం నిండుగా బ్రౌన్. కేఐ-67 చాలా తక్కువ, అది విభజన అవుతున్న కణాల్లోనే కనిపించే ప్రొటీన్. ఇవన్నీ చూసి, కొలిచి, లో గ్రేడ్ డీసీఐఎస్ అంది.

మరి మొదటాయన తప్పా మేడమ్ అన్నా. తప్పు అనను అంది, అమెరికాలో 115 మంది పాథాలజిస్టులకి స్లైడ్లు ఇచ్చి చూస్తే నాళం గోడ దాటిన ఇన్వేసివ్ క్యాన్సర్ దగ్గర 96 శాతం, డీసీఐఎస్ దగ్గర 84 శాతం ఎక్స్‌పర్ట్ ప్యానెల్‌తో కలిశారట, ఈ ఏడీహెచ్ లాంటి వాటి దగ్గరికొచ్చేసరికి 48 శాతమేనట, 2015లో వచ్చిన పేపరు. సగం సార్లు కూడా కలవలేదు! సీకే5/6 కూడా ఏడీహెచ్‌నీ డీసీఐఎస్‌నీ విడదీయదు, అక్కడ మళ్ళీ కంటితో కొలవడమే.

అప్పుడు నాకు వచ్చిన డౌటు ఎవరికైనా వచ్చేదే. పేరేదైనా పెట్టుకోండి, ఇది క్యాన్సర్‌గా మారుతుందా మారదా, అది చెప్పే రంగు ఏదైనా ఉందా? ఉంది లేదు అన్నట్టుగా ఉంది జవాబు. 2010లో శాన్ ఫ్రాన్సిస్కో వాళ్ళు లంపెక్టమీ (రొమ్ము మొత్తం కాకుండా ఆ చోటు వరకే తీసే ఆపరేషన్) ఒక్కటే చేయించుకున్న 1162 మంది డీసీఐఎస్ ఆడవాళ్ళ రికార్డులు తీసి, వాళ్ళలో కొందరివి దాచిన బ్లాకుల్లో పీ16, కాక్స్-2, కేఐ-67 మూడూ చూశారు. మూడూ పాజిటివ్ అయినవాళ్ళకీ, చేతికి గడ్డ తగిలి బయటపడ్డవాళ్ళకీ ఇన్వేసివ్ క్యాన్సర్ రావడం ఎక్కువ, హై రిస్క్ గ్రూపులో 8 ఏళ్ళలో దాదాపు 20 శాతం, అన్నిటికన్నా తక్కువ గ్రూపులో 4 శాతం. కాక్స్-2 అంటే వాపు సంబంధమైన ఎంజైమ్. పీ16 కథ నాకు బాగా నచ్చింది, అది కణం విభజన కాకుండా ఆపే ప్రొటీన్, మరి ఆపేది ఎక్కువుంటే మంచిదే కదా అనుకుంటాం, కానీ పీ16 ఎక్కువుండి కేఐ-67 కూడా ఎక్కువుందంటే బ్రేకు పూర్తిగా తొక్కినా బండి ఆగడం లేదన్నమాట, వైరు ఎక్కడో తెగింది.

అయితే నాకూ ఆ మూడూ చేయండి అని సర్జన్‌ని పట్టుకున్నా. ఆయన వద్దన్నాడు, అది ఇంకా రొటీన్‌లోకి రాలేదు, ఎంత రంగు ఉంటే పాజిటివ్ అనాలో అన్ని ల్యాబుల్లో ఒకేలా లేదు, పైగా హై రిస్క్ గ్రూపులో కూడా నూటికి 80 మందికి ఇన్వేసివ్ క్యాన్సర్ రాలేదు కదమ్మా, మీరు ఆ 20లోనా 80లోనా అన్నది రంగు చెప్పదు అన్నాడు. నాకు కోపం వచ్చింది నిజం చెప్పాలంటే. రాత్రంతా ఆలోచించాక మాత్రం ఆయన మాటే ఒప్పుకోవాల్సొచ్చింది, ఈ మార్కర్లు పదివేల మందిని గ్రూపులు చేయడానికి పనికొస్తాయి, నా ఒక్కదాని జాతకం చెప్పవు. ఈలోగా మా బావగారు ఎక్కడో చదివి కాక్స్-2ని ఆస్పిరిన్ ఆపుతుందట రోజుకొకటి వేసుకో అని, మా అత్తయ్య పసుపు పాలు తాగు అని. పాలు తాగా, ఆస్పిరిన్ సంగతి డాక్టర్‌ని అడిగితే మీ బావగారిని ఒకసారి నా దగ్గరికి పంపండి అన్నాడు.

సర్జరీ మామూలుగానే అయింది. పొద్దున మామోగ్రామ్ చూస్తూ క్లిప్ దాకా సన్న తీగ గుచ్చి, ఆ తీగ వెంట వెళ్ళి తీశారు, చంకలో గ్రంథులు ముట్టుకోలేదు. ఫైనల్ రిపోర్టులో చిన్న లో గ్రేడ్ డీసీఐఎస్, అంచులు 2 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ క్లియర్. తర్వాత రేడియేషన్ కావాలా వద్దా అనేది పెద్ద చర్చ. ఇలాంటి తక్కువ రిస్కు వాళ్ళ మీద చేసిన ట్రయల్లో 7 ఏళ్ళకి అదే రొమ్ములో తిరిగి రావడం రేడియేషన్ తీసుకున్నవాళ్ళకి 0.9 శాతం, తీసుకోనివాళ్ళకి 6.7 శాతం. తేడా ఉంది, కాదనను. కానీ ప్రాణం విషయంలో తేడా కనపడలేదు, గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అనిపించి వద్దనుకున్నా. నా చోట ఇంకొకరుంటే తీసుకునేవాళ్ళేమో, అదీ తప్పు కాదు.

ఇన్సూరెన్స్ ముచ్చట వేరే. హాస్పిటల్ బిల్లు మెడిక్లెయిమ్‌లో పోయింది, క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ వాళ్ళు మాత్రం కార్సినోమా ఇన్ సిటు (పుట్టిన చోటు దాటనిది, నా డీసీఐఎస్ అదే) మా క్యాన్సర్ నిర్వచనంలోకి రాదు అని లెటర్ పంపారు, పాలసీ పేపర్లో నిజంగానే అలా ఉంది. ఇంట్లో అందరూ నాకు క్యాన్సర్ అని ఏడుస్తుంటే కంపెనీ ఒక్కటే లేదు పో అంది, అప్పుడు ఏడవాలో నవ్వాలో తెలీలేదు.

ఈఆర్ పాజిటివ్ కాబట్టి ఈస్ట్రోజెన్‌ని అడ్డుకునే టామోక్సిఫెన్ మాత్ర మొదలుపెట్టా. రోజూ 20 మిల్లీగ్రాములు కాదు, 500 మంది మీద 5 మిల్లీగ్రాములు 3 ఏళ్ళు ఇచ్చిన ట్రయల్ 2019లో వచ్చింది, తిరిగి రావడం దాదాపు సగానికి తగ్గిందట, ఆ లెక్కన రోజు మార్చి రోజు 10 వేసుకుంటున్నా. మందు చవకే. ఒంట్లోంచి ఉన్నట్టుండి ఆవిర్లు, ఏసీ కింద కూర్చుని కూడా చెమట, పీరియడ్స్ ఇష్టమొచ్చినట్టు. ఈ మందు వేసుకుంటున్నందుకు గర్భసంచి స్కాన్ మధ్యమధ్యలో చేయిస్తున్నారు. సర్జరీ అయిన వైపు చేయి మాత్రం మొదటి నెలలోనే పూర్తిగా పైకి లేచింది, గోడ మీద వేళ్ళు పాకిస్తూ చేసే ఎక్సర్‌సైజు వల్ల. ఈ ఏడాది మామోగ్రామ్‌లో కొత్తగా ఏమీ లేదు, సర్జరీ మచ్చ కనిపిస్తోంది అంతే.

బ్లాకు తిరిగి ల్యాబుకే ఇచ్చేశా, రసీదు తీసుకుని. ఇప్పుడు మా చెల్లిని మామోగ్రామ్‌కి బయల్దేరదీస్తున్నా, దానికి 42, నాకేం లేదక్కా అంటోంది, శనివారం అపాయింట్‌మెంట్ నేనే బుక్ చేశా.