రంగ్ తీసేద్దామా మేడమ్?

నిద్ర పట్టడం లేదు. కారణం చెబితే మా ఆయన నవ్వి అటు తిరిగి పడుకున్నాడు. ఇవాళ మధ్యాహ్నం మా క్రషర్ ప్రోగ్రామ్‌ని పాత కంట్రోలర్ నుంచి కొత్తదానికి మార్చే మైగ్రేషన్ పనికి వచ్చిన కుర్రాడు లాప్‌టాప్ నా వైపు తిప్పి, "ఈ రంగ్ ఎందుకుందో అర్థం కావట్లేదు, తీసేద్దామా మేడమ్?" అన్నాడు. అంతే. రంగ్ అంటే నిచ్చెన మెట్ల లాంటి ఆ ప్రోగ్రామ్‌లో ఒక మెట్టు, ఒక వరుస లాజిక్. మర్యాదగానే అడిగాడు. "ఉండనీ నాయనా" అని ఊరుకున్నాను కానీ, వంట చేస్తున్నా, చిన్నదానికి లెక్కలు చెప్తున్నా ఆ మాటే మనసులో నలుగుతోంది.

మా సున్నపురాయి క్రషర్‌ని నడిపే పీఎల్‌సీ (మెషీన్లను నడిపే పారిశ్రామిక కంప్యూటర్) గోల ఇక్కడ చాలాసార్లు వెళ్లబోసుకున్నాను కాబట్టి మళ్లీ మొదటి నుంచీ చెప్పను. అలెన్ బ్రాడ్లీ పీఎల్‌సీ-5, ప్రాసెసర్ 1785-ఎల్40బి. ఈ పీఎల్‌సీ-5లు మార్కెట్లోకి వచ్చింది 1986లో, తయారీ ఆగిపోయింది 2017లో. ఆపేస్తున్నామని కంపెనీ ముందే చెప్పింది. మా పెద్దవాళ్లే "నడుస్తోంది కదా, ఇప్పుడెందుకు" అన్నారు. నడుస్తోంది, కాదనను. సుత్తులు అరిగి క్రషర్ ఆగుతుంది, బెల్ట్ చిరిగి ఆగుతుంది, లారీలు రాక ఆగుతుంది. పీఎల్‌సీ వల్ల ఆగిన సందర్భం వెతుక్కోవాలి. అదే దానికి శాపమైంది. రోజూ ఏడ్చే మెషీన్‌కి బడ్జెట్ వస్తుంది, నోరు మూసుకుని పనిచేసేదాన్ని ఎవరూ పట్టించుకోరు.

సరే, ఈసారి షట్‌డౌన్‌లో మార్చేయాలని ఎట్టకేలకు ఒప్పుకున్నారు. అదే కంపెనీ కొత్త రకం, కంట్రోల్‌లాజిక్స్ వస్తోంది. ఈలోపు పాతది పోతే గతేమిటని ఒక స్పేర్ ప్రాసెసర్ కొనమని ఇండెంట్ పెట్టాను. ఇక్కడ మొదలైంది నా బీపీ.

పర్చేజ్ వాళ్లకి మూడు కొటేషన్లు కావాలి. తయారీ ఆగిపోయిన సరుక్కి మూడు కొటేషన్లు! కేటలాగ్‌లో ధర లేదు, తయారుచేసిన కంపెనీ దగ్గర స్టాక్ లేదు. ఉన్నవాళ్లంతా మూతపడిన ఫ్యాక్టరీల ప్యానెళ్లు కొని, విడదీసి, తుడిచి అమ్మే డీలర్లు. ఒకడు చెప్పిన ధరకీ ఇంకొకడు చెప్పిన ధరకీ పొంతన ఉండదు. అందులో ఎవడు తక్కువ చెబితే వాడే ఎల్1. రూలు ప్రకారం ఆర్డరు వాడికే. మరీ ఇంత తక్కువకి ఎలా ఇస్తున్నాడని నేను నోట్ రాస్తే, "టెక్నికల్‌గా అబ్జెక్షన్ ఏమైనా ఉందా మేడమ్?" అని తిరుగు ప్రశ్న. అనుమానానికి ఫారంలో కాలమ్ లేదు.

పార్సెల్ నిన్న వచ్చింది. అట్టపెట్టె మీద నీట్‌గా ప్రింట్ చేసిన స్టిక్కర్, 1785-ఎల్40బి అని. బబుల్ ర్యాప్ విప్పగానే నాకు విషయం తెలిసిపోయింది. ఎల్40కి ముందు భాగంలో ఛానెల్ కనెక్టర్లు రెండు జతలు ఉండాలి, 1ఏ-1బి, 2ఏ-2బి. దీనికి ఉన్నది ఒక్క జత. వచ్చింది ఎల్20బి. వెనక ఎడ్జ్ కనెక్టర్ చూద్దును కదా, పళ్ల మీద బంగారు పూత అక్కడక్కడా పోయి కింద రాగి కనిపిస్తోంది. ఎవరో పెన్సిల్ రబ్బరుతో గట్టిగానే రుద్దినట్టున్నారు. పక్కన మార్కర్‌తో రాసిన పాత ప్యానెల్ నంబరు సగం చెరిగి ఉంది. ఏ ఊళ్లో ఏ మిల్లు మూతపడితే మా దాకా వచ్చిందో పాపం.

పర్చేజ్ ఆయన స్వయంగా ప్యానెల్ రూమ్‌కి వచ్చారు. టెస్ట్ ర్యాక్‌లో పెట్టి ఆన్ చేసి చూపించాను. "లైట్ వెలుగుతోంది కదా మేడమ్, నలభై బదులు ఇరవై వచ్చింది, సర్దుకోలేమా?" అన్నారు. నలభైలో 48 వేల వర్డ్ల మెమరీ, ఇరవైలో 16 వేలే, మన ప్రోగ్రామ్ అందులో పట్టదు అని చెప్పాను. ఆయన అంకెలు విని బోలెడు అనుకున్నట్టున్నారు. నిజానికి వర్డ్‌కి రెండు బైట్ల చొప్పున ఆ 48 వేలు కలిపినా 96 కిలోబైట్లు, మా అత్తయ్య పొద్దున్నే పంపే గుడ్ మార్నింగ్ పువ్వుల ఫోటో కూడా దానికంటే పెద్దది. అంతలోనే మొత్తం క్రషర్ నడుస్తోంది. డీలరుకి ఫోన్ చేస్తే సీల్ విప్పారు కాబట్టి వాపసు తీసుకోనన్నాడు. సీల్ విప్పకుండా లోపల ఏముందో చూడాలంటే నాకు దివ్యదృష్టి ఉండాలి. ఈ ఒక్క ఫోన్‌కే పూట పోయింది. ఇంకా మెయిళ్లు మిగిలే ఉన్నాయి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ చిరాకు మీదున్నప్పుడే కుర్రాడు రంగ్ సంగతి అడిగాడు.

ఆ రంగ్ నాకు తెలుసు. అది రాసిన రాత్రి నేనక్కడే ఉన్నాను. అప్పుడు మా ఇన్‌స్ట్రుమెంట్ ఫోర్మన్ గారు సర్వీసులో ఉన్నారు. ఆయన గురించి ఎప్పుడో ఒకసారి రాశాను, ఎవరో "మీ గురువుగారు" అన్నారు. ఆయన వింటే ఒప్పుకోరు. నేను చేరిన కొత్తల్లో ప్యానెల్ రూమ్‌కి తీసుకెళ్లి, బ్యాటరీ మార్చడం చూపించారు. అంతవరకు సేఫ్టీ ట్రైనింగ్‌లో నేర్చుకున్నదంతా కరెంటు తీసి పని చేయాలనే. ఇక్కడ ఆయన బ్రేకర్ దగ్గర ఒక హెల్పర్‌ని నిలబెట్టి, "ఎవడొచ్చినా చెయ్యి వేయనీయకు, జీఎం వచ్చినా సరే" అని చెప్పి, పవర్ ఉండగానే పాత బ్యాటరీ తీసి కొత్తది పెట్టారు. ప్రోగ్రామ్ ఉండేది ర్యామ్‌లో. పవర్ లేక, బ్యాటరీ లేక ఉంటే మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. బ్యాట్ లైట్ ఎర్రగా వెలిగిందంటే కొత్త బ్యాటరీ చేతికొచ్చేదాకా పవర్ పోకూడదని దణ్ణం పెట్టుకోవడమే. ఇదంతా ఆయన చెప్పలేదు, నేను తర్వాత మాన్యువల్‌లో చదువుకున్నాను. ఆయన చెప్పింది "ఇది బతికున్నప్పుడే గుండె మార్చాలమ్మా" అని ఒక్క ముక్క.

తర్వాత టెర్మినళ్లు. వైర్ల చివర తొడిగిన ఫెర్రూల్ నంబర్లు చూస్తూ సున్నా, ఒకటి, రెండు అని లెక్కపెడుతూ ఏడు దాకా వచ్చి ఆగిపోయాను. తర్వాతది 10 అని ఉంది. "సార్, 8, 9 ఎక్కడ?" అన్నాను. "ఈ ఊళ్లో ఎనిమిది లేదమ్మా, తొమ్మిది కూడా లేదు" అన్నారు. రెండు చేతులూ చాపి, బొటనవేళ్లు మడిచి, "ఇవి మనవి కాదు" అని మిగిలిన ఎనిమిది వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టించారు. పీఎల్‌సీ-5లో ఐఓ (ఇన్‌పుట్, అవుట్‌పుట్) అడ్రసులు ఆక్టల్‌లో, అంటే ఎనిమిది అంకెల లెక్కలో ఉంటాయని కాలేజీలో ఎవరో చెప్పే ఉంటారు. నాకు గుర్తున్నది మాత్రం జర్దా మరకలున్న ఆ వేళ్లే. ఇప్పటికీ ఐఓ లిస్టు చెక్ చేసేటప్పుడు నా బొటనవేళ్లు వాటంతట అవే ముడుచుకుంటాయి. మా చిన్నది చూసి వెక్కిరిస్తుంది.

రంగ్ సంగతికి వస్తాను. సున్నపురాయి బెల్ట్‌కి జీరో స్పీడ్ స్విచ్ ఉంటుంది. టెయిల్ పుల్లీ తిరుగుతోందో లేదో అది చూస్తుంది. మోటార్ తిరుగుతున్నా బెల్ట్ కదలకపోతే డ్రైవ్ పుల్లీ మీద రబ్బరు రాసుకుని కాలిపోతుంది కదా, అలా కాకుండా ట్రిప్ చేయడానికి, అంటే మోటార్ ఆపేయడానికి. కానీ స్టార్ట్ చేయగానే బెల్ట్ స్పీడు అందుకోదు కాబట్టి మొదటి కొన్ని సెకన్లు ఆ స్విచ్‌ని పట్టించుకోకుండా ఒక టైమర్ ఉంటుంది. మాది 8 సెకన్లు. ఒక వానాకాలం రాత్రి, తడిసిన రాయితో నిండిన బెల్ట్ ఎన్నిసార్లు స్టార్ట్ చేసినా ట్రిప్. ఫోర్మన్ గారు రెయిన్‌కోటు నీళ్లు కారుతుండగానే లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నారు. ఎన్7:43 అనే మెమరీ చోటులో బిట్ ఒకటైతే ఆ టైమర్, టి4:17, ప్రీసెట్‌లోకి (ఎన్ని సెకన్లు ఆగాలో ఉండే చోటు) 12 మూవ్ అయ్యేలా, సున్నా అయితే 8 మూవ్ అయ్యేలా రాశారు. బెల్ట్ కదిలింది. అందరం టీ తాగాం.

ఆ రంగ్ మీద ఆయన కామెంట్ కూడా రాశారు. కానీ పీఎల్‌సీ-5లో కామెంట్లు ప్రాసెసర్‌లో ఉండవు, కంప్యూటర్‌లోని ఫైల్‌లో ఉంటాయి. ఆ కంప్యూటర్ హార్డ్ డిస్క్ తర్వాత పోయింది. ప్రాసెసర్ నుంచి అప్‌లోడ్ చేసుకుంటే లాజిక్ వచ్చింది, మాటలు రాలేదు. ఇప్పుడు చూసేవాళ్లకి ఎన్7:43, టి4:17, 12. వాన లేదు, రెయిన్‌కోటు లేదు. ప్రాసెసర్ పాతబడిందని గోల పెడుతున్నాం కానీ దుమ్ము పట్టినదైనా ఎక్కడో ఒకచోట ఇంకో ఎల్40 దొరుకుతుంది. ఆ పోయిన కామెంట్లు ఏ డీలర్ దగ్గరా దొరకవు. ఇదే ఆ కుర్రాడికి చెప్పాలనుకున్నాను, పెద్ద లెక్చరు మనసులో తయారుచేసుకున్నాను కూడా.

అయితే, అన్నం తిన్నాక ఊరికే ఫోర్మన్ గారికి ఫోన్ చేశాను. రిటైరయ్యాక కొడుకు దగ్గర ఉంటున్నారు. ముందు మోకాలి నొప్పి, తర్వాత క్యాంటీన్‌లో ఇప్పుడు ఎవరు వండుతున్నారు, చివరికి రంగ్. "అదింకా ఉంచారా!" అన్నారు. ఏం సార్ అంటే, "అప్పుడు మోటార్ నుంచి బెల్ట్‌కి ఊపు అందించే ఫ్లూయిడ్ కప్లింగ్ ఆయిల్ కారిపోతుండేదమ్మా, అందుకే లేటుగా అందుకునేది. వాన ఒక సాకు. కప్లింగ్ మార్చినప్పుడే తీసేయాల్సింది. తీసేయండి" అన్నారు. ఇంకేముంది, నా లెక్చరు గాలికి పోయింది. ఆ కుర్రాడు అడిగిందే రైటు. కారణం తెలియకుండా అడిగాడు, అయినా రైటే. నాకు అదే ఎక్కువ మండుతోంది కాబోలు.

ఫోన్ పెట్టేసి కాసేపు తీసేద్దామనే అనుకున్నాను. మళ్లీ ఆలోచిస్తే అంత తేలిక కాదు. కుర్రాడు ఆ బిట్ విలువ రికార్డైన ట్రెండ్ చూపించాడు, ఆ బిట్ ఎప్పుడూ ఒకటిగానే ఉంది. అంటే సున్నా చేసే అలవాటు ఎప్పుడో తప్పింది, ఎండాకాలమైనా బెల్ట్ 12 సెకన్లతోనే స్టార్ట్ అవుతోంది. ఈమధ్య క్రషర్ టన్నేజీ కూడా పెంచారు. కప్లింగ్ మార్చాక 8 సెకన్లు సరిపోతాయో లేదో చూసినవాళ్లు ఎవరూ లేరు. ఆయన చెప్పింది ఆయన రోజుల బెల్ట్ గురించి.

అసలు కోపం రావాల్సింది ఇంకొక దాని మీద. పాత ప్రోగ్రామ్‌ని కొత్తదానికి మార్చే కన్వర్టర్ అనుమానం వచ్చిన చోటల్లా పీసీఈ (మార్పిడిలో తప్పు ఉండొచ్చు) అని గుర్తు పెడుతుంది. కుర్రాడు ఆ పీసీఈలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తున్నాడు, శ్రద్ధగానే. ఈ రంగ్ మీద పీసీఈ లేదు. పీఎల్‌సీ-5లో మా టైమర్ లెక్క సెకన్లలో, కొత్తదాంట్లో మిల్లీసెకన్లలో. టైమర్‌లో ఉన్న ప్రీసెట్‌ని కన్వర్టర్ వెయ్యితో గుణించి పెట్టింది, బాగానే ఉంది. పక్క నుంచి మూవ్ అయ్యే 12ని మాత్రం ముట్టుకోలేదు. అలాగే వదిలేస్తే కొత్త ప్రాసెసర్‌లో అది 12 మిల్లీసెకన్లు. బెల్ట్ బటన్ నొక్కగానే ట్రిప్. అప్పుడు మా ప్రొడక్షన్ వాళ్లు ఏం చేస్తారో నాకు తెలుసు. జీరో స్పీడ్ స్విచ్‌కి వైరు ముక్కతో జంపర్ వేసి నడుపుతారు, బెల్ట్ కాలేదాకా ఆ జంపర్ ఉందని ఎవరికీ గుర్తుండదు. "తీసేద్దామా" అని అడిగేముందు ఇది కదా చూడాల్సింది. పీసీఈ లేని చోటల్లా అంతా బాగుందని కాదు. రేపు ఇలాంటి మూవ్‌లన్నీ ఇద్దరం కలిసి వెతకాలి.

ఇవాళ ఒక మంచి పని కూడా జరిగింది. కొత్త ఐఓ కార్డులకి పాత స్వింగ్ ఆర్మ్‌లు (వైర్లు బిగించి ఉన్న టెర్మినల్ పట్టీలు) యథాతథంగా తగిలించే కన్వర్షన్ కిట్ వచ్చింది. ఒక్క ఫీల్డ్ వైరు విప్పక్కర్లేదు. మా ఎలక్ట్రీషియన్లు దాన్ని తిప్పి తిప్పి చూశారు.

అన్నట్టు ప్యాకింగ్ ప్లాంట్‌లో ఉన్న సీమెన్స్ ఎస్7-300 పీఎల్‌సీలకి కూడా 2023 అక్టోబర్ నుంచి విడిభాగాల లెక్కే, అంటే స్పేర్లుగా తప్ప దొరకవు. దాని గురించి మీటింగ్‌లో నేనేమీ అనదల్చుకోలేదు. ఈ మూడు కొటేషన్ల తంతు ఒకటి పూర్తవనీ.

పొద్దున షిఫ్ట్ మారే టైమ్‌లో బెల్ట్ ఖాళీ చేసి, బిట్ సున్నా పెట్టి, 8 సెకన్లతో ఒకసారి ఖాళీగా, ఒకసారి లోడుతో స్టార్ట్ చేయమని ప్రొడక్షన్ వాళ్లని అడగాలి. ఒప్పుకోరు, టన్నేజీ అంటారు. ఒప్పుకుని, బెల్ట్ లేచిందంటే రంగ్ తీసేస్తాం. ఒప్పుకోకపోతే రంగ్ అలాగే ఉంటుంది, 12ని 12000 చేసి, 8ని 8000 చేసి, మీద కామెంట్ రాసి. కొత్తదాంట్లో ఆ కామెంట్ ప్రాసెసర్‌లోనే ఉండేలా వెర్షన్ చూసుకోమని కుర్రాడికి ఇప్పుడే మెసేజ్ పెట్టాను. బ్లూ టిక్ కూడా వచ్చింది. వాడూ పడుకోలేదన్నమాట.