ఓరియన్‌లో పుట్టే చుక్కలు, వాటి గ్యాస్ ధారలు

జనవరి రాత్రి పదింటికి వరంగల్ లైట్లు దాటి పాకాల చెరువు దిక్కు వెళ్తే, ఓరియన్ నక్షత్రమండలంలో నడుముపట్టీలా కనిపించే మూడు చుక్కల కింద మసక మరక మామూలు 10×50 బైనాక్యులర్‌కే దొరుకుతుంది. నక్షత్రాలు పుట్టే మేఘం, ఓరియన్ నెబ్యులా, అదే. దూరం సుమారు 1,350 కాంతి సంవత్సరాలు.

మైనస్ 260 డిగ్రీల గ్యాస్ సొంత బరువుకే కూలుతుంది. కుంచించుకునే కొద్దీ తిరుగుడు వేగమై, చుట్టూ పళ్లెంలా పరుచుకుంటుంది. చిక్కంతా ఇక్కడే: ఆ తిరుగుడు వదలకపోతే పళ్లెంలోని గ్యాస్ నక్షత్రంలో పడదు. అయస్కాంత క్షేత్రం కొంత గ్యాస్‌ను రెండు ధ్రువాల దిక్కుగా సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో విసిరేస్తుంది. తిరుగుడును మోసుకుపోయేది ఆ ధారే. నాకైతే ఈ ఏర్పాటు ఎంత చదివినా తనివి తీరదు.

ధార ఒకే తీరుగా రాదు. వెనకొచ్చే వేగమైన గ్యాస్ ముందున్నదాన్ని గుద్దిన చోట ముడులు వెలుగుతాయి. వాటినే హెర్బిగ్-హారో (క్లుప్తంగా హెచ్‌హెచ్) వస్తువులంటారు. నెబ్యులాకు కాస్త దక్షిణాన ఉన్న హెచ్‌హెచ్ 1, 2 ఇలాంటివే. బైనాక్యులర్‌కు అందవు; టెలిస్కోప్‌కు హైడ్రోజన్ వెలువరించే ఎర్ర కాంతిని మాత్రమే వదిలే హైడ్రోజన్-ఆల్ఫా ఫిల్టర్ పెట్టి గంటల తరబడి ఫొటో తీయాలి.