లోన్ తీరింది 2014లో, దస్తావేజు చేతికొచ్చింది 2025లో: ఇల్లు అమ్మడంలో నా అనుభవం

రిజిస్ట్రేషన్ అయి పది రోజులు అయింది. ఇంకా పొద్దున్నే లేవగానే ఇవాళ ఎవరికి ఫోన్ చెయ్యాలా అని చెయ్యి ఫోను మీదకే పోతోంది. 2024 సంక్రాంతికి అందరం కూర్చుని అమ్మేద్దాం అనుకున్న ఇల్లు 2025 శ్రావణంలో అమ్ముడైంది, పంతొమ్మిది నెలలు. ఈలోగా మా ఆఫీసులో ఒకబ్బాయికి పెళ్ళయి పాప కూడా పుట్టింది.

ఊరి పేరు, బ్యాంకు పేరు రాయను. కృష్ణా జిల్లాలో ఒక మునిసిపాలిటీ ఊరు, అంతవరకు చాలు. 1986లో నాన్న 210 గజాల స్థలం కొన్నారు, కింద రెండు గదులు వేశారు, 2003లో బ్యాంకులో మూడున్నర లక్షల లోన్ తీసుకుని పై పోర్షన్ వేశారు. 2021లో పోయారు. అమ్మని నేను హైదరాబాద్ తెచ్చేసుకున్నా, అక్క వైజాగ్‌లో ఉంటుంది, ఇల్లు మాత్రం తాళం వేసి ఉంది. తాళం వేసిన ఇంటికి ఏమవుతుందో తెలిసిందేగా, పెరట్లో కానుగ మొక్కలు నా ఎత్తు పెరిగాయి, పక్కింటివాళ్ళు ప్రహరీకి బట్టలు ఆరేసే తాడు కట్టారు.

ముందు తేలిగ్గా అయినవి చెప్పేస్తా. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి మీసేవలో అప్లై చేస్తే ఆరు వారాల్లో వచ్చింది, వీఆర్వో ఇంటికొచ్చి చుట్టుపక్కల వాళ్ళని అడిగి వెళ్ళాడు, మంచివాడే. మునిసిపాలిటీలో ఇంటిపన్ను పేరు మార్చడానికి ఇంకో రెండు నెలలు, ఎందుకంటే దస్తావేజులో నాన్న పేరు చివర రావు ఉంది, డెత్ సర్టిఫికెట్‌లో లేదు, ఇద్దరూ ఒకరే అని అఫిడవిట్ పెట్టాం. ఈసీ అయితే, అంటే ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలూ తాకట్లూ చూపించే కాగితం, 1983 నుంచి ఆన్‌లైన్‌లోనే వచ్చింది, అప్పు తాలూకు ఎంట్రీ ఒక్కటీ లేదు. నాన్న స్వార్జితం కాబట్టి అమ్మకి, అక్కకి, నాకు సమానంగా వాటా, ముగ్గురం సంతకం పెట్టాలి. అక్క ఒక్క మాట అనలేదు. బావగారు మాత్రం ఎకరాలు అమ్మినంత అనుభవంతో రోజూ సలహాలు ఇచ్చేవారు, ఆయన జన్మలో ఒక సైకిల్ కూడా అమ్మలేదు.

2024 మేలో బేరం కుదిరింది. ఆయనది ఆ ఊళ్ళోనే ఎరువుల షాపు. 58 లక్షలకి మాట అనుకుని ఐదు లక్షలు అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంట్ రాసుకున్నాడు, మూడు నెలల గడువు. ఆయన బ్యాంకు లోన్‌తో కొంటున్నాడు. అప్పుడు ఆయన బ్యాంకు లాయర్ అడిగాడు, ఒరిజినల్ దస్తావేజు ఏదీ అని.

బీరువా మొత్తం తీశాం. నాన్న ఫైల్లో అన్నీ ఉన్నాయి, 1991 నుంచి కరెంటు రసీదులు, నా పదో తరగతి హాల్ టికెట్, అక్క పెళ్ళికి టెంట్ హౌస్ వాడి బిల్లు. దస్తావేజు జిరాక్స్ మాత్రమే ఉంది, దాని వెనక పిన్ను కొట్టి బ్యాంకు వాళ్ళ నో డ్యూస్ లెటర్, 2014 నాటిది. అమ్మని అడిగితే అప్పుడు గుర్తొచ్చింది, "కాగితాలు పెద్దాఫీసు నుంచి రావాలన్నారంట రా, వచ్చాక ఫోన్ చేస్తామన్నారంట, మీ నాన్నగారు రెండు మూడుసార్లు వెళ్ళొచ్చారు" అంది. బాకీ లేదని కాగితం ఇచ్చారు కదా అని ఆయన నిబ్బరంగా ఉండిపోయారు. ఆ తరం అంతే, బ్యాంకంటే గుడి లాగా. లోన్ తీరిన రోజు ఇంట్లో పాయసం చేసుకున్నారంట, పాయసం తర్వాత చేసుకోవచ్చు, ముందు కాగితం చేతిలోకి తీసుకోండి బాబూ.

సరే, బ్యాంకుకి వెళ్ళా. ఇక్కడి నుంచే అసలు కథ.

మొదటి రోజు కౌంటర్లో ఉన్నావిడ అకౌంట్ నంబర్ కొట్టి చూసి "క్లోజ్డ్ అని ఉందండీ, పేపర్లు ఇచ్చేసే ఉంటాం" అంది. ఇస్తే తీసుకున్నట్టు సంతకం ఉండాలి కదా మేడం, రిజిస్టర్ చూపించండి అన్నా. రిజిస్టర్ కస్టమర్లకి చూపించరంట. రెండోసారి వెళ్తే లోన్ సెక్షన్‌లో ఒకాయన, మొహం ఎత్తకుండానే, "బారోయర్ స్వయంగా రావాలండీ, మీకు ఇవ్వం" అన్నాడు. బారోయర్ అంటే లోన్ తీసుకున్న మనిషి. బారోయర్ చనిపోయారండీ అన్నా. "అయినా రూల్ రూలే కదండీ" అన్నాడు, అని ఒక క్షణం ఆగి తనే తల గోక్కున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మూడోసారి అమ్మని తీసుకెళ్ళా, 71 ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు. పదకొండు నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా స్టీల్ బెంచీ మీద కూర్చోబెట్టారు, లంచ్ అయ్యాక పిలిచి "మీరు ఆయన భార్యే అని ప్రూఫ్ ఏంటమ్మా" అని అడిగారు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఇచ్చాం. అమ్మ బయటికొచ్చాక ఒక్క మాటే అంది, "యాభై ఏళ్ళు కాపరం చేసింది వీళ్ళకి చూపించడానికా".

జూన్ పోయింది, జులై పోయింది. పెద్దాఫీసుకి మెయిల్ పెట్టాం అంటారు. ఆ పెద్దాఫీసు ఏ ఊళ్ళో ఉందో ఒకరు విజయవాడ అంటారు, ఒకరు హైదరాబాద్ అంటారు. మేనేజర్ మారాడు, కొత్తాయన మళ్ళీ మొదట్నించి చెప్పమన్నాడు. నేను ఎక్సెల్ షీటు పెట్టుకున్నా, తారీఖు, ఎవరితో మాట్లాడా, ఏమన్నారు అని. మొత్తం 23 సార్లు హైదరాబాద్ నుంచి వెళ్ళొచ్చా. మా ఇంట్లో ఈ షీటు చూసి నవ్వారు గానీ చివరికి నన్ను గట్టెక్కించింది అదే, గొప్పకి చెప్పట్లేదు, నిజం.

అక్టోబర్‌లో కొత్త మేనేజర్ రూములోకి పిలిచి కాఫీ ఇప్పించాడు. కాఫీ ఇచ్చాడంటేనే అనుమానం రావాల్సింది. "సార్, ఇది ఇలా సాగుతూనే ఉంటుంది, మీకూ ఇబ్బంది మాకూ ఇబ్బంది, ఒక పని చేద్దాం" అని ఒక టైప్ చేసిన కాగితం ముందు పెట్టాడు. కింద నా పేరు, సంతకానికి చోటు. పైన ఏం రాసి ఉందంటే, సదరు ఒరిజినల్ దస్తావేజును బ్యాంకు నుంచి మా నాన్న తీసుకున్నారు, ఆ తర్వాత నేను బస్సులో ప్రయాణిస్తుండగా పోగొట్టుకున్నాను అని. దీని మీద సంతకం పెట్టి పోలీస్ స్టేషన్లో ఇస్తే వాళ్ళు దొరకలేదని సర్టిఫికెట్ ఇస్తారు, పేపర్లో ప్రకటన వేస్తే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీతో పనైపోతుంది అన్నాడు. అంటే వాళ్ళు పోగొట్టినదాన్ని నేను పోగొట్టానని నా చేత్తో రాసివ్వాలి. ఏ బస్సు, ఏ తారీఖు అన్నది ఖాళీగా వదిలారు, నన్నే నింపుకోమని.

నిజం ఒప్పుకోవాలంటే నేను సంతకం పెట్టేసేవాణ్ణే. అప్పటికే విసిగిపోయి ఉన్నా, అగ్రిమెంట్ గడువు రెండుసార్లు పొడిగించాం. ఇంటికి తీసుకెళ్ళి అమ్మకి చదివి వినిపిస్తే అమ్మ కాగితం లాక్కుని నాలుగు మడతలు పెట్టి పోపులపెట్టె కింద పెట్టేసింది. "మీ నాన్నగారు జీవితంలో గొడుగు కూడా పోగొట్టలేదు. ఆయన కష్టం బస్సులో పారేశావని రాస్తావా" అంది. అంతే, దాని గురించి మళ్ళీ మాట్లాడలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఈసీలో ఏమీ లేదు కదా, సర్టిఫైడ్ కాపీ ఉంది కదా, ఒరిజినల్ కోసం ఎందుకింత గొడవ అని నేనూ మొదట అనుకున్నా. ఎరువుల షాపాయన బ్యాంకు లాయరే చెప్పాడు. మన దగ్గర దస్తావేజు ఊరికే చేతికిచ్చి అప్పు తీసుకోవచ్చు, డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్ అంటారు, పాత రోజుల్లో దాన్ని రిజిస్టర్ చేయించని బ్యాంకులు చాలా ఉన్నాయి కాబట్టి ఈసీలో పడదు. నాన్న 2003 లోన్ కూడా అలాగే ఈసీలో పడలేదు. అందుకని అమ్మేవాడి దగ్గర ఒరిజినల్ లేదంటే కొనేవాడికి మొదట వచ్చే ఆలోచన ఒకటే, ఎక్కడో తాకట్టులో ఉంది అని.

ఆ ఆలోచనే మా ఎరువుల షాపాయనకీ వచ్చింది. 2025 ఫిబ్రవరి 1 నుంచి ఆంధ్రాలో రిజిస్ట్రేషన్ విలువలు పెరుగుతున్నాయని జనవరిలో గోల, స్టాంపులూ ఫీజులూ కలిపి ఏడున్నర శాతం దాకా కట్టాలి కదా, ఆయన పుష్యమాసమైనా పర్లేదు నెలాఖరులోపు చేసెయ్యమన్నాడు. నేను చెయ్యలేకపోయా. ముప్పై ఒకటో తారీఖు సాయంత్రం సెంటర్లో టీ బండి దగ్గర కనపడి, పదిమంది ముందు, "మీ నాన్న ఎక్కడో కుదవపెట్టి తినేసుంటాడు, అది దాచి మాకు అంటగడదామని చూస్తున్నారు" అన్నాడు. మా నాన్న ఆ ఊళ్ళో 34 ఏళ్ళు టీచరు. ఆ టీ బండి అతను కూడా నాన్న దగ్గర చదువుకున్నవాడే, గ్లాసు కడుగుతూ తల దించుకున్నాడు. నేను ఏమీ అనలేదు, అనడానికి నా దగ్గర కాగితం లేదు. ఐదు లక్షల్లో రెండు లక్షలు అప్పటికే అమ్మ మోకాలి ఆపరేషన్‌కి అయిపోయాయి. మా ఆవిడ గాజులు పెట్టి గోల్డ్ లోన్ తెచ్చి, వడ్డీ కింద ఇంకో ముప్పై వేలు కలిపి ఆయన మొహాన కొట్టి వచ్చా. అడ్వాన్సు ముట్టుకోకండి, చచ్చినా ముట్టుకోకండి, రిజిస్ట్రేషన్ అయ్యేదాకా అది మీ డబ్బు కాదు.

ఫిబ్రవరిలో మా కాలనీలో పొద్దున్న నడకకి వచ్చే ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగికి ఈ గోలంతా చెప్పా. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఆ బస్సు కాగితం మీద సంతకం పెట్టలేదు కదా?" లేదన్నా. "బతికిపోయారు, పెట్టుంటే బ్యాంకుకి మీతో ఇక సంబంధమే ఉండేది కాదు" అన్నాడు. అమ్మకి ఈ మాట చెప్తే వారం రోజులు ఆ ధీమాతోనే తిరిగింది.

ఆయన చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, అవసరమైనవాళ్ళు రాసుకోండి. 2023 సెప్టెంబర్ 13న రిజర్వ్ బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది, లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇచ్చెయ్యాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు కస్టమర్‌కి ఇవ్వాలి, పోతే సర్టిఫైడ్ కాపీలు తీయించడానికి సాయం చేసి ఆ ఖర్చు కూడా బ్యాంకే పెట్టుకోవాలి. లోన్ తీసుకున్న మనిషి చనిపోతే వారసులకి ఎలా ఇస్తారో కూడా ముందే రాసి పెట్టుకోవాలి. నేను ఎగిరి గంతేశా. కానీ మేనేజర్‌కి ఈ సర్క్యులర్ బాగా తెలుసు, "అది 2023 డిసెంబర్ 1 తర్వాత ఇవ్వాల్సిన పేపర్లకి సార్, మీది 2014 కేసు, వర్తించదు" అన్నాడు. బారోయర్ చనిపోతే ఏం చెయ్యాలో తెలీదు గానీ ఇది మాత్రం తారీఖుతో సహా తెలుసు.

అయినా అంబుడ్స్‌మన్‌కి, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అధికారికి, వెళ్ళడానికి అది అడ్డం కాదు. ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోవాలి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, పైసా ఖర్చు లేదు, లాయర్ అక్కర్లేదు, 14448కి ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో చెప్తారు. ఇది నాకు తొమ్మిది నెలలు ఎవరూ చెప్పలేదు. ఒక శాతం కమిషన్ తీసుకునే బ్రోకర్ చెప్పలేదు, బావగారు చెప్పలేదు. నా ఎక్సెల్ షీటు, నో డ్యూస్ లెటర్, పోపులపెట్టె కింద ఉన్న ఆ బస్సు కాగితం, మూడూ స్కాన్ చేసి మార్చిలో పెట్టేశా. బస్సు కాగితం పెడుతుంటే నాకు కలిగిన ఆనందం ఇల్లు అమ్మినప్పుడు కూడా కలగలేదు.

పద్దెనిమిదో రోజు ఫోన్. మేనేజరే. "సార్, మీ డాక్యుమెంట్ ట్రేస్ అయింది." పదకొండేళ్ళు దొరకనిది పద్దెనిమిది రోజుల్లో. ఎక్కడుందంటే అదే బ్రాంచిలో, పై అంతస్తు స్టోర్ రూములో, నాన్న ఇంటిపేరూ ఇనీషియలూ ఉన్న ఇంకొకాయన ఫైల్లో. పెద్దాఫీసుకి అసలు వెళ్ళనే లేదు. ముందు ఫిర్యాదు విత్‌డ్రా చేసుకుంటున్నట్టు రాసిస్తే పేపర్లు ఇస్తామన్నాడు, ముందు పేపర్లు చేతిలో పెట్టండి తర్వాత చూద్దాం అన్నా. ఇచ్చాడు. గోధుమరంగు కవరు, జెమ్ క్లిప్పు తుప్పు పట్టి మొదటి స్టాంపు పేపరు మీద ఎర్రటి గీత పడింది, కవరు మీద నాన్న చేతిరాత, ఇంటి నంబరు, కింద "జాగ్రత్త" అని రెండు గీతలు కొట్టి ఉంది. పరిహారం అడిగితే క్షమాపణ లెటర్ ఇచ్చారు, చాల్లే అని వదిలేశా. అక్కడ వదలకూడదని ఇప్పుడు అనిపిస్తోంది.

తర్వాత అంతా గబగబా. మేలో ఇంకొకరు వచ్చారు, బ్యాంకులోనే పనిచేసే అమ్మాయి, అదే రేటు. ఆమె లోన్‌కి లీగల్ ఒపీనియన్ నెల రోజులు, ఆషాఢం అని ఇంకో నెల. 50 లక్షలు దాటింది కాబట్టి కొన్నవాళ్ళే మాకిచ్చే డబ్బులోంచి ఒక శాతం టీడీఎస్, అంటే ముందస్తు ఆదాయపన్ను, పట్టుకుని కట్టారు, క్యాపిటల్ గెయిన్స్ లెక్క ఆడిటర్‌కి అప్పజెప్పా. శ్రావణంలో ఒక గురువారం పదిన్నరకి వెళ్ళి ఒంటిగంటకి బయటికొచ్చాం, అమ్మ వేలిముద్ర మిషన్ మీద రెండుసార్లు పడలేదు, కొబ్బరినూనె రాసి తుడిస్తే పడింది. ఆ టీ బండి అతన్నే సాక్షి సంతకం పెట్టమన్నా. పెట్టాడు.

కరెంటు మీటర్ మాత్రం ఇంకా నాన్న పేరు మీదే ఉంది, మెసేజి నా ఫోనుకే వస్తోంది. ఆ అమ్మాయికి రెండుసార్లు చెప్పా మార్చుకోమ్మా అని, మార్చుకుంటానండీ అంది. ఈ నెల 1,140 వచ్చింది.