మొసళ్ళ బ్యాంకు: సోమవారం మాత్రం వెళ్ళకండి

బెజవాడ నుంచి మొసళ్ళనూ పాముల్నీ చూడ్డానికి మద్రాసు వెళ్ళే జంటలు తేలిగ్గా పడే గోతి ఒకటుంది. శనివారం దిగి, ఆదివారం మహాబలిపురం తిరిగి, జనం ఉండరు కదా అని సోమవారం మొసళ్ళకి వదులుతారు. తీరా వెళ్తే గేటుకి తాళం. మొసళ్ళని పెంచి కాపాడే మద్రాస్ క్రోకడైల్ బ్యాంక్‌కి సోమవారం సెలవు. పోనీ గిండీలో స్నేక్ పార్క్ ఉందిగా, రేపు చూద్దామనుకుంటే దానికి మంగళవారం సెలవు. రెండూ చూడాలంటే బుధ, గురువారాలు పెట్టుకోండి. ఆదివారం మేత వేయడం చూడొచ్చు గానీ, కంచె చుట్టూ నాలుగు వరసల జనం. ఇద్దరే వెళ్తున్నప్పుడు ఆ తోపులాట ఎందుకు?

పొద్దున్నే పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్‌లో ఉంటారు. గుంటూరు వాళ్ళకి తెనాలిలో ఎక్కడం సుఖం. సెంట్రల్ నుంచి గిండీకి నీలం లైన్ మెట్రో నేరుగా పోతుంది, దిగాక ఆటో. ఆ సాయంత్రం స్నేక్ పార్క్‌కి సరిపోతుంది. 1972లో పాముల నిపుణుడు రోములస్ విటేకర్ మొదలుపెట్టింది అది. ఆయనా, జాయ్ విటేకరూ కలిసి 1976లో పెట్టిందే మొసళ్ళ బ్యాంకు. అది మద్రాసుకి దక్షిణాన ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద, సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, వడనెమ్మేలి అనే ఊళ్ళో ఉంది. మహాబలిపురం బస్సులో కండక్టర్‌కి ‘ముదలై పణ్ణై’ అని చెప్తే గేటు ముందే దింపుతాడు.

తలుపులు తీసే వేళకే అక్కడ ఉండాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయితే మరీ మంచిది. చల్లటి నీళ్ళలోంచి గట్టెక్కి, ఎండకి ఒళ్ళు కాచుకోవడానికి మొసళ్ళు వరసగా పడుకునేది పొద్దుటిపూటే. మే నెల మధ్యాహ్నం వెళ్ళారో, నీళ్ళమీద రెండు కళ్ళూ ఒక ముక్కూ తప్ప ఏమీ కనపడవు. అక్టోబరు, నవంబరుల్లో అటు వానలు. వాయుగుండం పట్టిందంటే గూడూరు వైపు రైళ్ళకీ భరోసా లేదు.

అసలు నిరాశ ఎక్కడ వస్తుందంటే, ‘ఇవి కదలవేంటి?’ అన్న దగ్గర. మొసలి ఒంట్లో వేడి తయారుచేసుకునే పని పెట్టుకోదు కాబట్టి దానికి తిండీ తక్కువే, కదలికా తక్కువే. నోరు బార్లా తెరిచి పడుకుంటే అది కోపం కాదు, తల వేడెక్కకుండా చూసుకోవడం. అన్ని మడుగులూ చుట్టేయాలని పరుగెత్తకండి. ఒక్క మడుగు దగ్గర ఇరవై నిమిషాలు నిలబడండి. ఒక్కటి నీళ్ళలోకి జారితే పక్కవాటి బారు ఎలా మారుతుందో, పెద్దది వస్తుంటే చిన్నవి ఎలా తప్పుకుంటాయో అప్పుడు తెలుస్తుంది. పైన చెట్లమీద కొంగలు గూళ్ళు కట్టే రోజుల్లో, మూతిమీద పుల్లలు పెట్టుకుని కదలకుండా ఉన్న మొసళ్ళని 2007లో ఇక్కడే ఒక పరిశోధకుడు గమనించాడు. పుల్లకోసం వాలిన కొంగని పట్టే ఎత్తు అది అని ఆయన వాదన. నిజంగా ఎత్తేనా అని తర్వాత వేరేవాళ్ళు సందేహించారు. ఏదైతేనేం, మూతి మీద పుల్ల కనపడితే ఇంకో పది నిమిషాలు ఆగండి.

మన మామూలు మొసలి గుడ్లలో ఆడా మగా తేల్చేది గూటి వేడి. 28 నుంచి 31 డిగ్రీల మధ్య నిలకడగా ఉంటే అన్నీ ఆడపిల్లలే, 32.5 దగ్గర మగపిల్లలు. ఆ లెక్క తేలింది ఈ ఆవరణలోని గుడ్ల మీదే. ఘరియల్ అనే ఇంకో రకం మొసలి దగ్గర సన్నటి మూతి చివర కుండలాంటి బుడిపె ఉందేమో చూడండి. ఉంటే ఎదిగిన మగది. ఆ మూతి చేపలకే పనికొస్తుంది. తాబేళ్ళని నడుస్తూ చూసినా చాలు.

ఆవరణలోనే ఇరుళ తెగవాళ్ళ సహకార సంఘం పాముల విషం తీసే చోటుంది. టికెట్ వేరే. కొనేముందు ‘ఈరోజు తీస్తున్నారా?’ అని అడగండి. పాములు మట్టికుండల్లో ఉంటాయి, అడుగున ఇసుక, మూతికి నూలుగుడ్డ కట్టు. కొక్కెంతో పైకి తీసి, తల వెనక పట్టుకుని, పొర బిగించిన గాజుపాత్ర అంచుని కరిపిస్తారు. మూడు నాలుగు వారాలుంచి, వారానికోసారి తీసి, పొట్టకింది పొలుసు మీద గుర్తుపెట్టి అడవిలో వదిలేస్తారు. ఈ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకి ఎక్కించి, వాటి రక్తం నుంచే పాముకాటు మందు చేస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర: నాలుగింటికీ ఒకటే ఇంజెక్షన్.

కృష్ణా, గుంటూరు పొలాలున్నవాళ్ళు కట్లపాము దగ్గర తొందరపడకండి. తెల్ల గీతలు జతలు జతలుగా ఉంటాయి, తల దగ్గర మసగ్గా ఉండి తోక వైపు స్పష్టమవుతాయి. విషంలేని ఒక పాము అచ్చం ఇలాగే ఉంటుంది గానీ, దానికి గీతలు మెడ దగ్గర్నుంచే దట్టంగా మొదలై తోకవైపు మాసిపోతాయి. కట్లపాము కరిచేది రాత్రి, నేలమీద పడుకున్నవాళ్ళని. నొప్పి అంతగా ఉండదు కాబట్టి చీమేమో అనుకుని మళ్ళీ పడుకుంటారు, అదే ప్రాణం మీదికి తెస్తుంది. రక్తపింజరకి వీపుమీద గొలుసులా మూడు వరసల మచ్చలు. ఇసుక పింజర ఒళ్ళు ఒళ్ళుకి రాసుకుంటూ రంపం కోసినట్టు చప్పుడు చేస్తుంది.

ఇద్దరిలో ఒకరికి పామంటే ఒళ్ళు జలదరిస్తే, వాళ్ళని నేరుగా కుండల దగ్గరికి లాక్కెళ్ళకండి. ముందు తాబేళ్ళు, తర్వాత మొసళ్ళు, ఆఖరికి పాములు. అప్పటికీ వద్దంటే బయట బెంచీలున్నాయి, బలవంతం పనికిరాదు. ‘ఏం కాదులే’ అని చెయ్యి పట్టి గుంజే మొగుళ్ళు మొసళ్ళకన్నా ఎక్కువ అల్లరి.

ఫోటోలకి ఒక్క చిట్కా: అద్దం వెనకున్న పాముని తీసేటప్పుడు ఫ్లాష్ ఆపి, ఫోన్ కెమెరాని అద్దానికి ఆనించండి. వేలెడు ఎడం ఉన్నా మీ చొక్కా రంగే ఫోటోలో పడుతుంది. ఇనుప వల ఉంటే కన్నానికి లెన్స్ సరిగ్గా పెట్టాలి. అద్దం తట్టకండి. చిల్లర విసరకండి, మొసలి కడుపులోకి పోయిన నాణెం తీయడం మాటలు కాదు. తినుబండారాల సంచీ తేకపోవడమే మేలు.

మధ్యాహ్నం ఒంటిగంటకల్లా బయటపడితే, మహాబలిపురం ఇంకో 15 కిలోమీటర్లే. తీరాన గుడి సాయంత్రం చూసుకుని, చీకటి పడకముందే మద్రాసు బస్సెక్కండి. ఆదివారమైతే ఆ వేళకి బస్సులో నిలబడ్డానికే చోటుండదు.